కంటి వెనక రాయి

రోజు 402

ఈ పుస్తకంలో ముందు పేజీలు ఆఫీసువి, వెనక పేజీలు నావి. ముందు వైపు నూట అరవై మంది కళ్ళ ఒత్తిడి అంకెలు రాస్తాను. వెనక వైపు నాకు తోచింది రాసుకుంటాను. ఎవరూ ఇటు తిప్పి చూడరు, చూసినా నా కోడిగీతలు ఎవరికీ అర్థం కావు. పేరు సువార్త, సొంతూరు చీరాల, ఉద్యోగం చలివేంద్రంలో కంటి సిస్టరు.

చంద్రుడి మీద ఈ చీకటి గుంటలో మంచు తవ్వి, కరిగించి, వచ్చే పోయే ఓడలకు నీళ్ళు పోస్తాం. అందుకే మొదట దిగిన డ్రిల్లర్లు దీనికి చలివేంద్రం అని పేరు పెట్టుకున్నారు. ఊరందరికీ నీళ్ళు పోసే మాకు మాత్రం స్నానం నెలకోసారి, అదీ వంతు ప్రకారం.

పొద్దున షిఫ్టుకు ముందు యాభై మూడు మందిని చూశాను. ఇక్కడ ఒంటికి బరువు చాలక నెత్తురూ నీరూ కిందికి దిగనని మొరాయించి మొహంలోనే తిష్ఠ వేస్తాయి. అందరం ఉబ్బిన మొహాలతో, ఇప్పుడే ఏడ్చి లేచినవాళ్ళలా తిరుగుతాం. కంట్లో ఒత్తిడి ఇరవై ఒకటి దాటితే చుక్కల మందు. ముప్పై దాటి దిగకపోతే గొట్టం. వెంట్రుకంత గొట్టాన్ని కంట్లోకి దూర్చి, లోపలి నీరు బయటికి జారేలా కుట్టేస్తాం. వేయకపోతే నీటికాసులు చూపును అంచుల నుంచి కొరుక్కుతింటూ వస్తాయి. డాక్టర్ ఫణిభూషణం గారు నాకు మొదటి ఆరు నెలలూ చెయ్యి పట్టుకుని నేర్పారు. ఇప్పుడు ఆయన ఒక బల్ల మీద చేస్తుంటే నేను రెండో బల్ల మీద చేస్తాను. గొట్టాల జాబితాలో నలభై ఒక్క మంది ఉన్నారు. ఇరవై రెండు అయ్యాయి.

ఇక్కడ ఎవరి కన్ను వాళ్ళు చూసుకోకూడదు. మొదట్లో డ్రిల్లర్లు ఉద్యోగం పోతుందని తమ అంకె తామే తగ్గించి రాసుకున్నారట, ఇద్దరు గోతిలో పడ్డారు. అప్పటినుంచి వేరే మనిషే చూడాలి, పైకి చెప్పాలి. చుక్క వేసేముందు, కత్తి పెట్టేముందు కూడా పేరూ కన్నూ పైకి చెప్పి తీరాలి. సార్ కళ్ళు నేను చూస్తాను, నా కళ్ళు సార్ చూస్తారు, ప్రతి సోమవారం.

ఈ సోమవారం నాది కుడి 29, ఎడమ 16. ఆయనది కుడి 22, ఎడమ 19.

"నాకు గొట్టం పడాల్సి వస్తే నువ్వే వెయ్యాలి సువార్తా," అని నవ్వారు సార్. "ఇంకెవరి చేతినీ నా కంటి దగ్గరికి రానివ్వను."

ఆ మాటకి నేను రోజంతా పొంగిపోయి తిరిగాను.

రోజు 409

కుడి 33. నా కుడి రెప్ప వెంట్రుకలు కళ్ళద్దానికి రాసుకుంటున్నాయి. అద్దం మీద పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ గీతలు. ఫ్రేము వంగిందేమో అని రెండుసార్లు సరిచేసుకున్నాను. సార్ చూసి, "నీకే గొట్టం పడేట్టుంది," అన్నారు.

రోజు 411

సార్ నా కంటికి గొట్టం వేశారు. అంతకుముందు తలకి స్కాను బొమ్మ కూడా తీశారు. బల్ల మీద పడుకున్నాక ఆయన రెండు నిమిషాలు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. "సువార్త, కుడి," అని పైకి చెప్పి మొదలుపెట్టారు. అమ్మ తర్వాత నన్ను అంత జాగ్రత్తగా ముట్టుకున్న మనిషి లేరు. ఏమిచ్చి రుణం తీర్చుకోను? ఈ నెల నా స్నానం వంతు ఆయనకిచ్చేశాను. వద్దంటూనే తీసుకున్నారు.

రోజు 430

ఒత్తిడి 15కి దిగింది. సంబరపడాలి కదా, పడలేకపోతున్నాను.

వంటశాలలో మంగతాయారు నాకు ఆవకాయ వేసింది. మంగతాయారుది రాజోలు. ఇక్కడికొచ్చిన మొదటి రోజు నుంచీ నాకు నేస్తం, కార్మికుల తరఫున కమిటీలో మనిషి కూడా. నేను ఎడమ కన్ను మూసి చూస్తే ఆవకాయ ఇటుకపొడి రంగులో ఉంది. కుడి కన్ను మూసి చూస్తే ఎర్రగా నిగనిగలాడుతోంది. రెండు మూడుసార్లు అలా మూసి తెరిచి చూశాను.

"ఏంటే, నా ఆవకాయకి కన్ను కొడుతున్నావా?" అంది.

"నీ ఆవకాయ సగం వెలిసిపోయిందే," అన్నాను.

ఎప్పుడైనా నేను దాని వంటకి వంక పెడితే గరిటె పుచ్చుకుని మీదికొస్తుంది. ఇవాళ మాత్రం ఇంకో ముక్క వేసి, పప్పు కూడా రెండు గరిటెలు ఎక్కువ పోసి, లోపలికెళ్ళిపోయింది. ఈమధ్య నాకు అన్నీ ఎక్కువే వడ్డిస్తోంది. బరువు తెలియని చోట లావైతే ఏం నష్టంలే అని తినేస్తున్నాను.

సార్‌ని అడిగితే, "ఒత్తిడి తగ్గినా, నరం దెబ్బతిని పోయిన చూపు వెనక్కి రాదు. నీకు తెలియంది కాదుగా," అన్నారు. తెలుసు, వందమందికి నేనే చెప్పాను. కానీ ఒత్తిడి తగ్గాక ఇంకా పోతూ ఉండడమేంటి? ఇంత వేగంగానా? టీ గ్లాసులో పోయబోతే పక్కన పోశాను. ఇక్కడ టీ మెల్లగా పడుతుంది కాబట్టి, తప్పు జరగడం తీరిగ్గా చూడొచ్చు.

ఆయనది కుడి 25.

రోజు 447

మిషను ఒక్కోసారి మంచుపొడికి మొరాయించి పిచ్చి అంకెలు చెబుతుంది. అందుకని వేలితో కూడా చూసి రాయడం మా పద్ధతి. నాకు పని ఎక్కువైందని వేలు చూసే పనికి మస్తాన్ గారిని పెట్టారు. ఒంగోలు అవతల గ్రానైటు క్వారీల్లో పుట్టి పెరిగిన మనిషి, ఇక్కడ ఇరవై ఏళ్ళు డ్రిల్లరు. కుడి కన్ను నీటికాసులకే పోయింది. ఎడమ కంట్లో తలుపు సందులోంచి చూసినంత చూపు మిగిలింది, గొట్టం కోసం జాబితాలో ముప్పయ్యో పేరు. చూపు లేకపోయినా ఆ వేళ్ళు మామూలువి కావు. గోడ మీద అరచెయ్యి పెట్టి వెనకాల మంచుందో రాయుందో చెప్పేవాడని అందరూ అంటారు.

నా కళ్ళ మీదే నేర్పడం మొదలుపెట్టాను. రెప్ప మూసుకుని, "చూపుడువేళ్ళు రెండూ పైరెప్ప మీద పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి మెత్తగా నొక్కండి. పండు పండిందా లేదా చూసినట్టు," అన్నాను.

ఆయన బొటనవేలు పెట్టి నిటారుగా వెనక్కి తోశాడు.

"అబ్బా, అలా కాదండీ! గోడ అనుకున్నారా?"

"తప్పైపోయిందమ్మా, చేతికి అదే అలవాటు," అన్నాడు. ఎడమ కన్నూ అలాగే తోశాడు. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. నాకు విసుగొచ్చి చెయ్యి తీసేయబోయాను.

"ఆగమ్మా. ఈ ఎడమది కాస్త లోపలికి పోయి మళ్ళీ వస్తా ఉంది. కుడిది పోవట్లా. గట్టిగా ఉందని కాదు. కన్ను మెత్తంగానే ఉంది. దీని వెనకమాల ఏదో అడ్డం ఉంది."

"ఏముంటుందండీ?"

"నన్నడిగితే రాయి అంటా. గోడలో అయితే ఇక్కడ డ్రిల్లు పెట్టొద్దని చెబుతా."

నేను నవ్వాను. నవ్వుతుంటే కళ్ళద్దం మీద రెప్ప గీత గుర్తొచ్చింది. అద్దం ముందుకెళ్ళి, తల వెనక్కి వాల్చి, కింద నుంచి చూసుకున్నాను. ఊరంతా ఉబ్బిన మొహాలే కాబట్టి ఎవరి ఉబ్బూ ఎవరికీ తెలియదు. కానీ కుడి కన్ను ఎడమదానికన్నా చిటికెన గోరంత ముందుకుంది.

రోజు 448

సార్ గొట్టం వేస్తుండగా బీరువా తెరిచాను. నా ఫైలులో తల బొమ్మలు రెండున్నాయి. అందరికీ తీసినప్పటి రోజు 233 నాటిది ఒకటి, రోజు 410 నాటిది ఒకటి. మొదటి దాంట్లో కుడి కంటిగుంతలో, గుడ్డు వెనక, శనగగింజంత తెల్లటి గుండ్రం. దాని చుట్టూ పెన్సిలుతో సార్ గీసిన గీత. రెండో దాంట్లో అది రేగుపండంత. ఇది చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

233 తర్వాత కిందికి, భూమికి, రెండు ఓడలు వెళ్ళాయి, 260న ఒకటి, 380న ఒకటి. 380నాటి ఓడకి నేనే నవ్వుతూ చెయ్యి ఊపాను.

బొమ్మల కింద ఒక కాగితం ఉంది. నాలుగే వాక్యాలు. సిస్టర్ సువార్తకు కంటి వెనక గడ్డ ఉంది. కిందికి పంపితే గొట్టాల పని ఆగిపోతుంది. జాబితా పూర్తయ్యేవరకు ప్రయాణం వాయిదా. ఈ విషయం ఆమెకు చెప్పకూడదు. కింద కమిటీ ముగ్గురి సంతకాలు. ఒకటి సార్‌ది. ఒకటి మేనేజరుది. మూడోది గుండ్రంగా, పొడుగ్గా, వంటశాల సరుకుల చీటీల మీద రోజూ చూసే సంతకం.

కాగితం తీసిన చోటే పెట్టేశాను. చేతులు కడుక్కుని బల్ల దగ్గరికెళ్ళి సార్‌కి కత్తెర అందించాను. ఆయన చాచిన అరచేతికి పక్కన, గాలిలో పెట్టాను. కింద పడింది.

రోజు 450

అడిగేశాను. ఆయన దబాయిస్తారనుకున్నాను. దబాయించినా బాగుండేది.

"తెలుసు," అన్నారు. "చెడ్డ గడ్డ కాదది. మెల్లగా పెరుగుతుందనుకున్నాను, రెండేళ్ళు ఆగుతుందనుకున్నాను. అంచనా తప్పింది."

"కింద అయితే ఏం చేసేవాళ్ళు సార్?"

"కణత పక్క ఎముక చిన్న ముక్క కోసి, గడ్డ తీసేసి, ఎముక మళ్ళీ బిగిస్తారు. ఒక్క పూట పని. ఇక్కడ ఆ సామాను లేదు, నేనెప్పుడూ చెయ్యలేదు."

"మొదటి ఓడకి పంపి ఉంటే?"

ఆయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు. "చూపు నిలిచేది."

"మరి గొట్టమెందుకు వేశారు?"

"గడ్డ నొక్కితే ఒత్తిడి పెరుగుతుంది. అది దిగితే నీకు కొన్నాళ్ళు గడుస్తుందని. సువార్తా, నలభై ఒక్క మంది. నా రెండు చేతులూ చాలవు. ఒక్క కన్ను, నలభై ఒక్క మంది. నువ్వయితే ఏం చేసేదానివి?"

"నన్నడిగి ఉండొచ్చుగా సార్."

"అడిగితే వెళ్ళిపోయేదానివి."

ఏమో, ఉండిపోయేదాన్నేమో. వాళ్ళ చేతులు పట్టుకుని, వాళ్ళ భయాలు విని, ఉండిపోయేదాన్నేమో. ఇప్పుడు ఆ సంగతి నాకు కూడా తెలియదు, తెలుసుకునే దారి ఆయన ఉంచలేదు. ప్రతి సోమవారం నా కంటికి వేలెడు దూరంలో మొహం పెట్టి అంకె చెప్పారు. ఒక్క అంకె కూడా అబద్ధం చెప్పలేదు. నాకు అదే అన్నిటికన్నా కడుపు మండిస్తోంది. ఆ మనిషికి నా స్నానం నీళ్ళు పోశాను!

రోజు 451

మంగతాయారు ముందు కంచం పెట్టి నిలబడ్డాను. "ఈపూట కూడా రెండు గరిటెలు ఎక్కువ పోస్తావా?" అన్నాను.

దానికి అర్థమైపోయింది. గరిటె డేగిసాలో వదిలేసింది.

"మా ఆయనది పంతొమ్మిదో నంబరే. నువ్వెళ్ళిపోతే ఆయన వంతు ఎప్పటికొచ్చేదే? చెప్పు."

"మీ ఆయనకి గొట్టం వేసింది ఎవరే?"

"నువ్వే," అంది.

"చెబితే వెయ్యకుండా పోతాననుకున్నావా?"

"ఏమో బాబూ, భయమేసింది. సంతకం పెట్టిన కాణ్ణుంచీ నీకు అన్నం పెట్టినప్పుడల్లా నా గొంతు దిగట్లేదే, ఒట్టు."

నా గొంతు మాత్రం బ్రహ్మాండంగా దిగింది కదా, పప్పూ ఆవకాయా. కంచం అక్కడే వదిలేసి వచ్చాను. అప్పటినుంచి నా గదిలో రొట్టెలు నానబెట్టుకుని తింటున్నాను.

రోజు 470

కుడి కంటికి ఇప్పుడు వెలుతురూ చీకటీ తెలుస్తాయి, అంతే. ఒంటి కన్నుతో లోతు తెలియదు. రబ్బరు కన్ను మీద గొట్టం దూర్చి చూశాను. పదిసార్లలో ఏడుసార్లు గుచ్చకూడని చోట గుచ్చాను. కత్తి సార్‌కి అప్పగించి అంకెలు చూసే పనికే ఉండిపోయాను. సార్ ఒక్కరే మెల్లగా చేస్తున్నారు. ఇరవై ఎనిమిది అయ్యాయి, ఇంకా పదమూడున్నాయి. మస్తాన్ గారికి 503న వంతు పడింది.

ఆయన మిషనుకు కుడి వైపు, నేను ఎడమ వైపు కూర్చుంటాం. ఇద్దరికీ కలిపి ఒకటింబావు కన్ను అని ఆయన ఎగతాళి. "నీ రాయి నేను ముందే తడిమి ఉంటే బాగుండేదమ్మా," అంటాడు రోజుకోసారి. ఈ ఊళ్ళో నాకు సారీ చెప్పింది ఏ పాపం ఎరగని ఈ మనిషొక్కడే.

నా ప్రయాణం 500న. మేనేజరు ఈసారి కాగితం నా కళ్ళముందే సంతకం చేశాడు. మిగిలిన కన్నైనా, తలైనా గడ్డ పాలు కాకుండా కింద తీస్తారు.

రోజు 493

సోమవారం. సార్ కుర్చీలో కూర్చుని గడ్డం ఆనించారు. నేనింకా చూడలేదు, మంగతాయారు తలుపు దగ్గర నిలబడి సైగ చేసింది. బయటికెళ్ళాను. నాతో మాట్లాడి నలభై రోజులైంది.

"ఆయనది బాగా పెరిగిందంట కదే? పోయిన వారం 31 అని మేనేజరు చెప్పాడు."

"అయితే?"

"ఎక్కువుంటే ఆయనకి చెప్పకే. ఓడలో రెండో సీటు ఖాళీ. తెలిస్తే ఆయనా వెళ్ళిపోతాడు. ఇంకా పన్నెండు మంది ఉన్నారే. కమిటీ మాటగా చెబుతున్నాను. చుక్కల మందుకి పద్దెనిమిదికి దిగిందని చెప్పెయ్యి. ఆయనెలాగూ చూసుకోలేడు కదా."

నవ్వొచ్చింది. ఎంత తేలిగ్గా అనేసింది! ఆ రోజు నా సంగతి కూడా ఇంత తేలిగ్గానే తేలిపోయి ఉంటుంది, ఇదే వసారాలో.

లోపలికొచ్చాను. మిషను కుడి 36 చూపించింది. మస్తాన్ గారు నేర్చుకున్న పద్ధతిలో రెండు వేళ్ళతో నొక్కి, "రాయల్లే ఉంది," అని నా చెవిలో అన్నాడు. తర్వాత తన పద్ధతిలో బొటనవేలితో తోసి, "వెనకమాల ఏం లేదు సార్. మీది ఒట్టి నీళ్ళే," అన్నాడు.

సార్ నా వైపు చూస్తున్నారు. ఎంతని నేను చెబితే అంత. పద్దెనిమిదంటే మస్తాన్ గారి కన్ను నిలుస్తుంది, ఇంకో పదకొండు మందివీ. ఈయన చూపు అంచుల నుంచి పోతూ ఉంటుంది, వయసనుకుంటారు. నాకు ఆశ పుట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ పద్దెనిమిది.

"ముప్పై ఆరు సార్," అన్నాను. "మీకు చెప్పొద్దని కమిటీ నాకు చెప్పింది. చెబుతున్నాను."

ఆయన మొహం పాలిపోయింది. ఉబ్బిన మొహం కూడా అలా పాలిపోతుందని నాకు తెలియదు.

"నువ్వు వెళ్ళేలోగా నాకు గొట్టం..." అని ఆగిపోయారు. ఇంకెవరి చేతినీ కంటి దగ్గరికి రానివ్వనన్న మనిషి. నేను సూదీ దారం తీసి ఆయన ముందే ఎక్కించబోయాను. మూడుసార్లూ దారం సూదికి అటు పక్కనే పోయింది. ఆయన చూడలేక తల తిప్పుకున్నారు.

ఆయన్ని క్షమించి నిజం చెప్పలేదు. ఆయనలాంటి మనిషిని కావడం ఇష్టంలేక చెప్పాను. ఆ పన్నెండు మందినీ వదిలి కదలరని కూడా ఎక్కడో నమ్మాను. నలభై ఒక్క మంది కోసం నా కన్ను తీసుకున్న మనిషి కదా.

రోజు 500

రెండో సీటులో ఫణిభూషణం గారు ఉన్నారు.

పొద్దున పెట్టె సర్దుకుని వచ్చి కూర్చున్నారు. నాలుగు నెలల్లో కొత్త డాక్టరు వస్తాడని అందరికీ చెప్పారట. మస్తాన్ గారి కంటికి నాలుగు నెలల గడువు లేదని ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళెవరు? మంగతాయారు గేటు దగ్గర నిలబడి నన్ను చూసింది, చేత్తో మొహం కప్పుకుంది. దానిమీద కోపం పోలేదు కానీ, దాని భయం మాత్రం నిజమేనని తేలింది.

మస్తాన్ గారు తడుముకుంటూ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నా నోటి మాటకి మీ కన్ను పోతోందండీ," అన్నాను.

"నువ్వు అంకె సరిగ్గా చెప్పావు తల్లీ. వదిలిపోయింది ఆయన. నీ మీద వేసుకోమాక," అన్నాడు. నేను ఏడ్చాను. గడ్డ ఉన్న కన్ను కూడా ఏడుస్తుంది.

రోజు 503

ఓడలో నాలుగు గంటలకోసారి సార్ కంట్లో చుక్క వేయాలి. బరువే లేని చోట ఎవరి చుక్క వాళ్ళు వేసుకోలేరు, సీసా నోరు కంటికి ఆనించి మెత్తగా నొక్కడానికి ఇంకో మనిషి కావాలి. ఉన్నది నేనే. మూడు రోజులుగా వేస్తున్నాను. లోతు తెలియక, వేలు ఆయన చెంపకు ఆనించి కొలత చూసుకుంటున్నాను. 

ఈరోజు మధ్యాహ్నం సీసా తీసుకుని, రెప్ప పట్టుకుని, పద్ధతి ప్రకారం పైకి చెప్పాను.

"మస్తాన్, ఎడమ."

ఆయన ఉలిక్కిపడ్డారు. "పేరు తప్పు చెప్పావు సువార్తా."

"ఈరోజు ఐదు వందల మూడు సార్," అన్నాను, చుక్క వేసి రెప్ప మూశాను.

దిగడానికి ఇంకో రోజుంది, ఆరు చుక్కలున్నాయి. మిగతా పదకొండు పేర్లూ నాకు కంఠతా వచ్చు. చుక్కకి రెండు పేర్ల చొప్పున చదువుతాను.